మాట్లాడని చక్రం

"లైటు ఎప్పట్నుంచి వెలుగుతోంది?"

"నెల దాటిందమ్మా."

"వెలిగే ముందు కొట్టుకునేదా? లేక తిన్నగా వెలిగేదా?"

గాలి మేస్త్రీ తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. కూతురు పోయిన నాటి నుంచి ఆయన్ని చాలామంది చాలా అడిగారు. లైటు వెలిగిందా లేదా అని అడిగారు. చూశావా లేదా అని అడిగారు. ఎలా వెలిగింది అని అడిగినవాళ్ళు లేరు.

"కొట్టుకునేది," అన్నాడు. "తాళం తిప్పగానే ఒక నిమిషం మిణుకుమిణుకుమనేది. తర్వాత నిలబడిపోయేది."

"తేడా ఏంటి?"

"గాలి తగ్గితే తిన్నగా వెలుగుతుంది. కొట్టుకుని వెలిగిందంటే అది గాలి సంగతి కాదు, సెన్సరు సంగతి. ఒక్కో చక్రంలో ఒక్కో సెన్సరు ఉంటుంది. లోపల గాలి ఎంతుందో అది బండికి చెబుతూ ఉంటుంది. ఒకటి పలకడం మానేస్తే బండికి దిక్కు తోచదు. లైటు వేసుకుని కూర్చుంటుంది. ముందు ఎడమ చక్రంలోది పలకట్లేదు. దాని బ్యాటరీ అయిపోయింది. కొత్తది తెప్పిస్తానన్నాను. ఈలోపు ప్రతి ఆదివారం గేజి పెట్టి నేనే గాలి చూసేవాణ్ణి." ఆయన ఆగాడు. "అలా అనుకున్నాను."

"అమ్మాయితో ఏమన్నారు?"

"'పోనీ అమ్మా, ఏం కాదు' అన్నాను."

ఆ మాట అని ఆయన మళ్ళీ తల దించుకున్నాడు.

వాళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తుక్కు యార్డులో ఉన్నారు. రేకుల కింద ఏడు సీట్ల తెల్ల కారు ఉంది. ముందు భాగం ఎడమ వైపు డోరు దాకా నలిగిపోయింది. గాలి మేస్త్రీ ఒక చెక్క పెట్టె మీద కారుకి వీపు పెట్టి కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచి అటు చూడలేదు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళుగా టైర్ల కొట్టు, ముప్ఫై ఏళ్ళుగా గాలి మేస్త్రీ. ఇంట్లో ఆయన, కూతురు చిట్టి. చిట్టి ఆ కారులో పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. పోయిన శుక్రవారం పొద్దున పిల్లల్ని దింపి ఖాళీ బండితో బైపాస్ మీద తిరిగి వస్తుండగా ముందు ఎడమ టైరు పేలింది. కారు వంతెన గోడని కొట్టింది.

"అక్కా, ఇంకా 'ఎప్పట్నుంచి' దగ్గరే ఉన్నావా?"

ఆ గొంతు ఎవరిదో ఇన్‌స్పెక్టర్ తిరిగి చూడకుండానే చెప్పగలదు. ఒకప్పుడు స్టేషన్‌లో ఆమె కింద పనిచేసిన కుర్రాడే. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలో దర్యాప్తు అధికారి. అప్పుడూ ఇప్పుడూ చొక్కా మీద ముడత ఉండదు. అందుకే అందరూ ఇస్త్రీ అంటారు. ఆమెకీ ఒక పేరుంది. ముఖం మీద ఎవరూ అనరు గానీ డిపార్టుమెంటులో ఆమె నత్త.

"తొందరేం?" అంది ఇన్‌స్పెక్టర్.

"నాకేం తొందర లేదు. కానీ నువ్వు వచ్చిన చోట గోడలు కూడా నాచు పట్టిపోతాయని తెలుసు కదా." ఇస్త్రీ చేతిలో అట్ట, అట్టకి కాగితం, కాగితం మీద పెన్ను. "ఇందులో తేల్చడానికేముంది? లైటు వెలిగింది. తండ్రి చూశాడు. పోనిమ్మన్నాడు. టైరు పేలింది. ఆయనే ఒప్పుకుంటున్నాడు. ఏం పెద్దాయనా?"

"ఒప్పుకుంటున్నాను బాబూ."

"విన్నావా? 'హెచ్చరిక తెలిసీ వాహనం నడపనిచ్చాను, తప్పు నాదే.' అంతే రాశాం. ఒక సంతకం. సాయంత్రానికి బండి తుక్కు నలిపే ప్రెస్సులోకి వెళ్తుంది, ఫైలు బీరువాలోకి వెళ్తుంది. ఆయన ఇంటికెళ్తాడు."

"ఇంటికెళ్ళి?"

ఇస్త్రీ అట్ట మీది కాగితం సర్దాడు. గాలి మేస్త్రీ ఇంటికెళ్ళి ఏం చేస్తాడన్నదే ఆమె భయం. స్టేషన్‌కి వచ్చి, "నన్ను లోపల వెయ్యండమ్మా, నా బిడ్డని నేనే చంపుకున్నాను," అని ఆయన రెండుసార్లు అడిగాడు. రెండోసారి ఇంటి తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇక వాటితో పని లేదన్నాడు.

ఆమె కారు దగ్గరికి వెళ్ళి ముందు ఎడమ చక్రం పక్కన కూర్చుంది. టైరు పక్క భాగం చీలి, తొక్క రిమ్ముకి చుట్టుకుని ఉంది. చీలని చోట అండాకారపు గడిలో నాలుగు అంకెలున్నాయి. టైరు పుట్టిన వారం, పుట్టిన సంవత్సరం. ఈ పని మీద తిరిగిన ఈ కొన్ని రోజుల్లో ఆమె దాన్ని చదవడం నేర్చుకుంది.

"నిరుడు తయారైంది," అంది.

"నేను చెప్పేదీ అదే," అన్నాడు ఇస్త్రీ. "కొత్త టైరు. కొత్త టైరు ఊరికే పేలదు. గాలి లేకుండా నడిపితేనే పేలుతుంది. లైటు అదే మొత్తుకుంది."

"మేస్త్రీ గారూ, ఈ టైర్లు మీరెప్పుడు వేశారు?"

"నాలుగూ కలిపి ఒకేసారి వేశాను," అన్నాడు ఆయన అటు తిరిగే. "మూడేళ్ళయింది."

ఇన్‌స్పెక్టర్ మిగతా మూడు టైర్ల మీది అంకెలు చూసింది. మూడేళ్ళ కిందటివే. వెనక తలుపు ఎత్తి చూసింది. స్టెప్నీ దాని గుంటలో అలాగే ఉంది, దుమ్ము చెదరలేదు.

"మూడేళ్ళ కిందట వేసిన టైరు నిరుడెలా పుట్టింది?" అని అడిగింది.

"మధ్యలో మార్చి ఉంటాడు. మర్చిపోయి ఉంటాడు. బుర్ర ఏ స్థితిలో ఉందో చూస్తున్నావు కదా."

ఇన్‌స్పెక్టర్ గాలి మేస్త్రీ సంచిలోంచి రీడర్ తీసింది. అరచేతిలో పట్టే యంత్రం. టైరు దగ్గర పెట్టి మీట నొక్కితే లోపలి సెన్సరు దానికి తన నెంబరు చెబుతుంది, గాలి లెక్క చెబుతుంది. పలికితే కుయ్‌మని ఒక చప్పుడు. ఎలా వాడాలో పొద్దున ఆయనే చూపించాడు. తను మాత్రం ఆ కారుని ముట్టుకోనన్నాడు.

వెనక కుడి చక్రం దగ్గర పెట్టింది. కుయ్. వెనక ఎడమ. కుయ్. ముందు కుడి. కుయ్.

"ఇక నాలుగోది పలకదు," అన్నాడు ఇస్త్రీ. "అది తెలిసిందే కదా. టైరే చీలిపోయాక—"

కుయ్.

గాలి మేస్త్రీ పెట్టె మీంచి లేచాడు.

ఆయన తిరిగాడు. పది అడుగుల దూరంలో ఉన్న కారుని మొదటిసారి చూశాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత వచ్చి ఆమె చేతిలోంచి రీడర్ తీసుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పలికింది.

"ఇది పలకకూడదు," అన్నాడు. "దీని బ్యాటరీ చచ్చిపోయింది. నా చేత్తో నేను మూడుసార్లు చూశాను. ఇది పలకకూడదమ్మా."

"అయితే ఇది ఆ చక్రం కాదు," అంది ఇన్‌స్పెక్టర్.

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేత్తో రిమ్ము అంచు తుడుచుకుంటూ వచ్చాడు. ఒకచోట చెయ్యి ఆగింది. చక్రం ఊగకుండా అంచుకి కొట్టే సీసం ముక్క ఉందక్కడ. దాని మీద వేలి గోరంత ఎర్ర రంగు చుక్క ఉంది. వేలికి నిప్పు తగిలినట్టు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఏదీ బాబూ ఆ కాగితం," అన్నాడు. "సంతకం పెడతాను."

ఇస్త్రీ పెన్ను మూత తీశాడు. ఇన్‌స్పెక్టర్ వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఏం చూశారు?"

"ఏం లేదమ్మా."

"పొద్దుట్నుంచి ఇటు తిరగనివాళ్ళు తిరిగారు. ఇది పలకకూడదన్నారు. అంటే తప్పు మీది కాకపోవచ్చని ఇప్పుడే తేలింది. ఏ మనిషైనా ఊపిరి పీల్చుకుంటాడు. మీరేమో సంతకానికి ఎగబడుతున్నారు. ఎవర్ని దాస్తున్నారు?"

"అక్కా, సాక్షిని బెదిరిస్తున్నావు."

"బెదిరిస్తే నీకు తెలుస్తుంది, నా దగ్గరే కదా నేర్చుకున్నావు." ఆమె రీడర్ తెర మీది నెంబరు చూపించింది. "చిట్టి కారుకి నాలుగు నెంబర్లు తెలుసు. ఇది వాటిలో లేదు. కానీ ఏదో ఒక కారుకి తెలిసి ఉండాలి. అదే మోడలు కారు." ఆమె యార్డు చివరికి చెయ్యి చూపింది. అక్కడ ఇటుకల మీద బూడిద రంగు ఏడు సీట్ల కారు ఉంది. చక్రాల్లేవు. బానెట్ సందులోంచి గడ్డి మొలిచింది. "నీ కారు ఇటు తీసుకురా. దాని బ్యాటరీతో కాసేపు పని ఉంది."

"నా బ్యాటరీయా?"

"నీ ఇస్త్రీ పెట్టె అడగలేదు కదా. తీసుకురా."

ఆమె వెంట వచ్చిన కానిస్టేబుల్ తీగలు కలిపాడు. బూడిద కారు తాళం తిప్పితే మీటర్లు ఒక్కొక్కటే వెలిగాయి. టైరు గాలి లైటు మిణుకుమంది. గుర్రపు నాడా మధ్యలో ఆశ్చర్యార్థకం. ఒక నిమిషం కొట్టుకుని నిలబడిపోయింది. దాని నాలుగు చక్రాలూ పలకడం లేదు మరి. ఇన్‌స్పెక్టర్ రీడర్ తీగని స్టీరింగ్ కింద గుచ్చింది. తెర మీద నాలుగు నెంబర్లు వచ్చాయి. మూడోది, చిట్టి కారు ముందు ఎడమ చక్రం చెప్పిన నెంబరే.

"ఈ కారు ఇక్కడికి ఎప్పుడొచ్చింది?"

అద్దం మీద సుద్దతో రాసే ఉంది. ఇస్త్రీ చదవలేదు. ఆమే చదివింది. రెండేళ్ళు దాటింది.

"రెండేళ్ళ కిందట చచ్చిన కారు," అంది. "దాని కాలికి నిరుడు పుట్టిన చెప్పు ఎలా వచ్చింది?"

"రిమ్ము పాతది. టైరు కొత్తది ఎక్కించి ఉంటారు. అందులో వింతేముంది? గోరంతని కొండంత చేస్తున్నావు."

"కొండంతని గోరంత చేసే ఉద్యోగం నీది. నాది కాదు."

ఆమె మళ్ళీ తెల్ల కారు దగ్గరికి నడిచింది. టైరు మీది అండాకారపు గడి అంచున బొటనవేలి గోరు పెట్టింది. ఒకసారి గీకింది. ఏం కాలేదు. రెండోసారి అంచు లేచింది. మూడోసారి పొక్కులా ఊడొచ్చింది. నాలుగు అంకెలున్న రబ్బరు ముక్క, అరిచేతిలో చింతగింజంత. కింద టైరు నున్నగా ఉంది. అసలు అంకెలని అరగదీసి పైన ఇది అతికించారు. దాని పక్కనే సన్నటి పగుళ్ళు, ఎండిన చెరువు అడుగులా. వాటి మీద నల్లరంగు పూశారు.

గాలి మేస్త్రీ ఆ నున్నటి చోటుని వేలితో రుద్దాడు.

"ఇది పదేళ్ళ టైరు," అన్నాడు. "పైనే ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ యార్డు మొత్తం ఒకసారి చూసింది. మూడు వరసల కార్లు. అన్నీ ఇటుకల మీదే ఉన్నాయి.

"ఈ చక్రాలన్నీ ఎక్కడికెళ్ళాయి?"

"కాంట్రాక్టరు ముక్కలు చేయిస్తాడు," అన్నాడు ఇస్త్రీ. గొంతులో ఇందాకటి వేగం లేదు. "రూలు అది. టైర్లు కోసెయ్యాలి, రిమ్ములు కరిగించాలి."

"కోశారని ఎవరు సంతకం పెడతారు?"

అతను అట్ట మీది కాగితం వైపు చూశాడు.

"నువ్వు కోయడం చూశావా?"

"నెలకి వంద బళ్ళు అక్కా. ఒక్కోటీ నిలబడి చూస్తే—"

"చూడకుండా పెట్టావు."

"నేను ఒక్క చక్రం కూడా అమ్ముకోలేదు. పిల్లల మీద ఒట్టు."

"నమ్ముతున్నాను," అంది ఆమె. "అమ్ముకున్నవాడికైతే ఏం జరిగిందో తెలిసుండేది. ఆ కాగితం ఇటివ్వు."

అతను ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది. కానిస్టేబుల్‌ని గేటు దగ్గర నిలబెట్టింది. ఒక్క బోల్టు కూడా బయటికి పోకూడదని, కాంట్రాక్టరు ఎక్కడున్నా పట్టుకు రమ్మని స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఇస్త్రీ తన కారు బానెట్ తెరిచే పెట్టి, దాని పక్కన నిలబడిపోయాడు. చొక్కా మీద నల్ల మరక పడింది. అతను గమనించలేదు.

జీపులో గాలి మేస్త్రీ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె ఇంజను వెయ్యలేదు.

"ఎర్ర చుక్క ఎవరిది?"

ఆయన చేతులు చూసుకున్నాడు.

"సీసం కొట్టాక దాని మీద ఎర్ర చుక్క పెట్టడం నేనే నేర్పాను," అన్నాడు. "ముక్క కదిలితే చుక్క పగులుతుంది, దూరం నుంచే తెలుస్తుంది. తర్వాత నేను మానేశాను. వాడు మానలేదు."

"వాడెవరు?"

"మా తమ్ముడు."

"మీకు తమ్ముడున్నాడని ఎక్కడా చెప్పలేదే."

"తొమ్మిదేళ్ళయిందమ్మా మాటల్లేక. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. భుజాన వేసుకుని పెంచాను. కొట్టులో పెట్టుకున్నాను. ఒకరోజు వాడు ఒకాయనకి వయసైపోయిన టైరు అమ్మాడు. ఎవరికీ ఏం కాలేదు. కానీ నేను ఊరుకోలేదు. మనిషి ప్రాణం మీద నిలబడి తింటావా అని, వీధిలోకి గెంటాను. అందరూ చూస్తుండగా." ఆయన యార్డు గేటు వైపు చూశాడు. "మళ్ళీ అదే చేశాడు. ఈసారి మన పిల్లకే చేశాడు. చట్టానికి ఒక మనిషి కావాలి, అంతేగా? నన్ను తీసుకోండి. పిల్ల ఎలాగూ పోయింది. వాణ్ణి కూడా పోగొట్టుకోలేను."

"ఆయన తప్పు చేశాడని మీకెలా తెలుసు?"

"చుక్క ఉంది కదమ్మా."

"చుక్క ఉంటే ఆయన చెయ్యి ఉందని అర్థం. అంతే. లైటు వెలిగింది కాబట్టి తప్పు మీదేనని ఊరంతా అంది. మీరూ అన్నారు. ఇప్పుడు మీరు ఆయనకి అదే చేస్తున్నారు."

ఆమె ఇంజను వేసింది.

తమ్ముడి కొట్టు బైపాస్‌కి దిగే మలుపులో ఉంది. ఒక షట్టరు, ఒక కంప్రెషరు, గోడకి వేలాడే ట్యూబులు. ఊళ్ళో అతన్ని చిన్న మేస్త్రీ అంటారు. జీపులోంచి అన్న దిగడం చూసి చేతిలో ఉన్న వీల్ స్పానర్ కింద పెట్టాడు.

"అన్నయ్యా," అన్నాడు.

గాలి మేస్త్రీ గుమ్మం బయటే ఆగాడు.

ఇన్‌స్పెక్టర్ ఎవరో చెప్పి, "చిట్టి ఇక్కడికి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చేది. బుధవారం బుధవారం. పిల్లల్ని దింపాక." అతను ఆమెకి జవాబు చెబుతున్నా చూపు అన్న మీదే ఉంది. "రెండేళ్ళ నుంచి. టీ తాగి వెళ్ళేది. 'నాన్నకి చెప్పకు బాబాయ్, నేనే మెల్లగా చెప్తా, ఇద్దరూ ఎద్దుల్లాంటివాళ్ళు, తాడు ఒకేసారి లాగితే తెగుతుంది' అనేది."

గుమ్మం దగ్గర గాలి మేస్త్రీ షట్టరు పట్టుకున్నాడు.

"చివరి బుధవారం?"

"ముందు ఎడమ టైరులో ఇనప ముక్క దిగింది. టైరు పక్క భాగంలో. అక్కడ దిగితే పంక్చర్ వెయ్యకూడదు. అదే మోడలు చక్రం నా దగ్గరుంది, యార్డు నుంచి వచ్చిందే. విప్పి అది బిగించాను. 'లైటు వెలుగుతోందే' అన్నాను. 'అది నాన్నకి తెలుసు, సెన్సరు పోయిందట, ఏం కాదు' అంది. నా చక్రం సెన్సరు కూడా ఆ బండికి కొత్తే కాబట్టి లైటు ఎలాగూ పోదు. సరే అనుకున్నాను. ఆదివారం నాన్న గాలి చూసేలోపు దీని సంగతి చెప్పేస్తానంది. అప్పుడు నా సంగతీ చెప్పక తప్పదు కదా, మంచిదే అంది. నవ్వింది." అతను ఆగాడు. "ఆదివారం రాలేదు."

"పాత టైరు ఎందుకు వేశావురా?"

తొమ్మిదేళ్ళ తర్వాత గాలి మేస్త్రీ తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"పాతదా?" చిన్న మేస్త్రీ ముఖంలో ఏమీ లేదు, అర్థం కాకపోవడం తప్ప. "నిరుటిది అన్నయ్యా. నెంబరు చూశాను. నువ్వు గెంటేసిన రోజు నుంచి నెంబరు చూడకుండా నేను టైరు ముట్టుకోలేదు. కొనేటప్పుడు చూస్తాను, బిగించేటప్పుడు చూస్తాను. ఇప్పుడూ చూశాను. రెండుసార్లు చూశాను."

ఇన్‌స్పెక్టర్ గుప్పిట తెరిచి చింతగింజంత రబ్బరు ముక్కని అతని అరచేతిలో పెట్టింది.

అతను దాన్ని తిప్పి చూశాడు. అంకెలు చదివాడు. వెనక జిగురు చూశాడు. అప్పుడు కూర్చున్నాడు. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు, నేల మీదే కూర్చున్నాడు. "రెండుసార్లు చూశానమ్మా," అన్నాడు. ఆ మాటే మళ్ళీ అన్నాడు.

"చిట్టి బండి నుంచి విప్పిన చక్రం ఏది?"

అతను మూలకి చెయ్యి చూపించాడు. ఎవరికీ ఇవ్వకుండా, గుడ్డ కప్పి పెట్టాడు. గాలి మేస్త్రీ లోపలికి వచ్చాడు. గుడ్డ తీశాడు. టైరు పక్క భాగంలో ఇనప ముక్క ఇంకా అలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ రీడర్ అందించింది.

ఆయన చక్రానికి ఆనించి మీట నొక్కాడు. చప్పుడు లేదు. చోటు మార్చి నొక్కాడు. లేదు. వాల్వ్ దగ్గర పెట్టి, వేలు తెల్లబడేలా నొక్కి పట్టుకున్నాడు. తెర మీద 'జవాబు లేదు' అని వచ్చింది.

"మీరు చెప్పింది నిజం," అంది ఇన్‌స్పెక్టర్. "సెన్సరే పోయింది. మీరు చూసిన ఆదివారాల్లో గాలి సరిగ్గానే ఉంది. మీరు 'పోనీ' అన్నది ఈ చక్రాన్ని. ఇనప ముక్క దిగకపోయుంటే దీంతోనే ఆ పిల్ల ఇంటికొచ్చేది."

ఆమె తను మంచి మాట చెబుతున్నాననుకుంది. గాలి మేస్త్రీ ఆ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని దాని మీద నుదురు ఆనించాడు. ఏడవడానికి ఇన్నాళ్ళూ ఆయనకి చోటు దొరకలేదు. తప్పు చేసినవాడు ఏడిస్తే అది నటన అనుకున్నాడేమో. ఇప్పుడు భుజాలు కదిలాయి. తమ్ముడు నేల మీంచి లేవబోయి, లేవకుండా, అన్న కాలి మడమ పట్టుకున్నాడు. ఆయన కాలు తీసుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ వీధి వైపు తిరిగి నిలబడింది. కాసేపయ్యాక అడిగింది.

"ఆ బూడిద కారువి నాలుగు చక్రాలు. చిట్టికి వేసింది ఒకటి. మిగతా మూడూ?"

చిన్న మేస్త్రీ ముఖం తుడుచుకున్నాడు. "ఒకటి అదిగో, గోడకి ఉంది. రెండు..." అతని చెయ్యి ముఖం మీదే ఆగిపోయింది. "హారన్‌కి వేశాను."

"హారనా?"

"చిట్టి స్నేహితురాలు. ఆమె కూడా పిల్లల్ని తిప్పుతుంది. అదే మోడలు బండి. గొంతు పెద్దది, అందుకని హారన్ అంటారు. చిట్టికి ఇలా అయ్యాక భయపడిపోయింది. ముందు టైర్లు అరిగాయి, మంచివి వెయ్యి చిన్న మేస్త్రీ, పిల్లలెక్కే బండి అంది. చిట్టి బండిది గాలి లేకే పేలిందని అందరూ అంటే నేనూ నమ్మాను, ఇవాళ మధ్యాహ్నమే రెండూ బిగించి పంపాను." అతను ఫోన్ తీసి నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఎత్తట్లేదు. బడి వదిలే వేళ. నడుపుతూ ఎత్తదు."

ఇన్‌స్పెక్టర్ జీపు వైపు రెండడుగులు వేసింది. అప్పుడు గాలి మేస్త్రీ జేబులో ఫోన్ మోగింది.

ఆయన తెర చూసి అందరికీ వినబడేలా నొక్కాడు. ముందు పిల్లల గోల, దాని మీద ఒక గొంతు.

"మావయ్యా! నేనే. నోరు ముయ్యండర్రా, పెద్దాళ్ళతో మాట్లాడుతున్నా. మావయ్యా, బైపాస్ ఎక్కే ముందు బండి పక్కన ఆపాను. ఆ లైటు వెలుగుతోంది. చిట్టి బండిలో వెలిగేదే. ఒక నిమిషం కొట్టుకుని నిలబడిపోయింది. కొట్టుకుని నిలబడితే ఏం కాదని నువ్వు చెప్పావని చిట్టి అనేది. ఊళ్ళో అందరూ ఏదేదో వాగుతున్నారు, నేను నమ్మను. నీ మాటే వింటాను. పోనివ్వనా?"

గాలి మేస్త్రీ నోరు తెరిచాడు. చిన్న మేస్త్రీ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. అన్న ఆ చేతిని పట్టుకుని ఆపాడు.

"వద్దమ్మా," అన్నాడు.

"ఆఁ? వినబళ్ళేదు."

"వద్దు. బైపాస్ ఎక్కకు. ఇంజను ఆపు. తాళం తీసి చేత్తో పట్టుకో."

"తీశా."

"పిల్లల్ని దింపు. రోడ్డు వైపు తలుపు తియ్యకు. రెండో వైపు నుంచి దింపి, గోడ పక్కన నిలబెట్టు. ఫోన్ పెట్టెయ్యకు. నాకు వినబడాలి."

తలుపు జరిగిన చప్పుడైంది. ఎందుకు దిగాలని ఒక పిల్ల అడిగింది. సంచీ మర్చిపోయానని ఒక పిల్లాడు మళ్ళీ ఎక్కబోతే హారన్ అరిచింది. చెప్పులు నేలని తాకిన చప్పుళ్ళు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. గాలి మేస్త్రీ కళ్ళు మూసుకుని విన్నాడు. అవి ఆగిపోయాక కూడా వింటూనే ఉన్నాడు.

"అందరూ దిగారు మావయ్యా. ఏమైంది? ఏం కాదంటావనుకున్నా."

"అక్కడే ఉండు. వచ్చి చెప్తాను."

చిన్న మేస్త్రీ అప్పటికే తన వ్యాను వెనక రెండు మంచి చక్రాలు, జాకీ వేశాడు. వెయ్యకముందు ఒక్కో టైరు అంకెల మీదా గోరు పెట్టి గీకి చూశాడు. గాలి మేస్త్రీ ఒక క్షణం రోడ్డు మీద నిలబడి, వెళ్ళి తమ్ముడి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరికి వచ్చింది. "ఒక్క మాట. నీకు ఈ చక్రాలు తెచ్చినవాడు ఇంకెవరికైనా ఇచ్చాడా?"

"నాకిచ్చింది నాలుగే అమ్మా," అన్నాడు చిన్న మేస్త్రీ. "వాడు లారీలో వచ్చాడు. లారీ నిండా ఉన్నాయి. ఈ రోడ్డు పొడుగునా కొట్టుకొట్టుకీ దింపుకుంటూ వెళ్ళాడు."

ఆమె రోడ్డు వైపు చూసింది. బడి వదిలారు, ఆఫీసులు వదలబోతున్నారు. కార్లు ఒకదాని వెనక ఒకటి బైపాస్ ఎక్కుతున్నాయి. వాటిలో ఎన్నిటిలో ఆ లైటు వెలుగుతోందో, పక్క సీట్లో ఎవరు 'ఏం కాదు' అంటున్నారో ఆమెకి తెలియదు.

వ్యాను ఇంజను మోగింది. చిన్న మేస్త్రీ గేరు వెయ్యలేదు. అన్న వైపు చూశాడు.

"పోనీరా," అన్నాడు గాలి మేస్త్రీ. "మెల్లగా పోనీ."